దేవుడి బాతు

"పదకొండోదండీ," అన్నాడు భరద్వాజ్.

పడవ అంచుకి మోకాలు ఆనించి, రెండు చేతులూ నీళ్ళలోకి పెట్టి, చచ్చి తేలుతున్న గూడబాతుని రెక్కల కింద పట్టుకుని పైకి ఎత్తాడు. అంత పెద్ద పక్షీ తడిసిన దుప్పటిలా వచ్చింది. ముక్కు కింది తిత్తిలోంచి నీళ్ళు కారాయి. డాక్టర్ మెర్సీ పసుపు సంచి మూతి తెరిచి పట్టుకుంది. రెండు రోజులుగా ఇదే పని. తల నుంచి పాదాల దాకా కప్పేసే తెల్ల సూటు, లోపల చెమట ధారలు, కళ్ళద్దాలకి ఆవిరి. తుడుచుకోవడానికి వీల్లేదు, తొడుగులున్న చేత్తో మొహం ముట్టుకోకూడదు. ఆ మాట టీములో కుర్రాళ్ళకి రోజుకి పదిసార్లు చెప్పేది ఆవిడే.

ఆవిడ పశుసంవర్ధక శాఖలో అసిస్టెంట్ డైరెక్టరు. ఉండేది తాడేపల్లిగూడెంలో. కొల్లేట్లో పక్షులు రాలిపోతున్నాయని కబురు రాగానే ఏలూరు ఆఫీసు ఎనిమిది మందితో టీము వేసి ఆవిడ చేతిలో పెట్టింది. భరద్వాజ్ అందులో చిన్నవాడు, ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది.

నీళ్ళలో నిలబెట్టిన ఇనప స్టాండ్ల మీద గూళ్ళున్నాయి. తల్లి తిరిగిరాని గూట్లో పిల్లలు రెండు, బోసి మెడలు చాచి, నోళ్ళు తెరుచుకుని పడవకేసి చూశాయి. ఎవరో మేత తెచ్చారనుకున్నట్టున్నాయి.

"వాటినేం చేద్దామండీ?" అన్నాడు భరద్వాజ్.

"ఏమీ చెయ్యలేం. గూటి నంబరు రాసుకో."

గెడ వేస్తున్న సీమోను ఫారెస్టు వాళ్ళ దగ్గర రోజుకూలి వాచరు. ఈ చావుల సంగతి మొదట ఫోన్ చేసి చెప్పింది అతనే. గెడ ఆపి అన్నాడు: "మా నత్తలంక బాతులు కూడా ఈ నీళ్ళలోనే మేస్తాయండి మేడంగారూ."

"ఎన్ని ఇళ్ళల్లో ఉన్నాయి?"

"లేని ఇల్లు చెప్పమనండి, తేలిక. పైగా మొన్నాదివారం చర్చిలో కోతల పండగయింది కదండీ. తలా ఒక కోడో బాతో తెచ్చి దేవుడికిచ్చారు. పొద్దుట్నుంచీ అన్నిట్నీ ఒకే దొడ్లో పెట్టారు. సాయంత్రం వేలంపాట. ఎవరి బాతు ఎవరింటికి పోయిందో ఆ దేవుడికే తెలియాలి."

మెర్సీ చేతిలో సంచి అలాగే ఉండిపోయింది. రోగం పంచిపెట్టాలని ఎవరైనా పథకం వేసినా ఇంత బాగా వెయ్యలేరు. పండగ సంగతి తనకి తెలియనిదా! చిన్నప్పుడు వాళ్ళ ఊరి గూడెంలో అమ్మ పాదున కాసిన మొదటి గుమ్మడికాయ తలమీద పెట్టుకుని చర్చికి తీసుకెళ్ళేది. గుమ్మడికాయైతే పాడుకున్నవాళ్ళు వండుకుంటారు. కోడినీ బాతునీ మాత్రం కొయ్యరు. దేవుడి సొమ్మని, ఇంట్లో ఉంటే దీవెనని పెంచుకుంటారు.

"అలాంటివాటి గురించి మనకి చెప్తారంటారా?" అన్నాడు భరద్వాజ్.

"అడిగే తీరులో అడిగితే చెప్తారు. మనవాళ్ళే," అంది మెర్సీ.

ఆ 'మనవాళ్ళే' అన్న మాట తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది ఆవిడకి.

ఆదివారం ఆవిడ నేత చీర కట్టుకుని, తల మీద కొంగు వేసుకుని, నత్తలంక చర్చిలో ఆడవాళ్ళ వైపు చాప మీద చివర కూర్చుంది. ఇలా వచ్చి కూర్చుంటే సగం పని అయిపోయినట్టేనని తెలుసు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆవిడ నోరు మంచిదే. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఏ ఊళ్ళోనూ ఆవిడ మీద కేక పడలేదు.

వాక్యం అయ్యాక పాస్టరు సత్యవేదంగారు మైకు ఇచ్చారు. "మన అమ్మాయే. ప్రభుత్వం తరఫున వచ్చింది. వినండి."

"అందరికీ వందనాలు," అంది మెర్సీ. కొల్లేట్లో పక్షులకొచ్చిన జబ్బు గురించి చెప్పింది. బాతు పైకి నిక్షేపంలా ఉంటుందనీ, లోపల రోగం మోస్తుందనీ, పక్కనున్న కోళ్ళు ముందు పోతాయనీ చెప్పింది. వేలంలో బాతులు పాడుకున్నవాళ్ళు పేర్లు చెప్తే శాంపిల్సు తీసుకుంటామంది. "సన్నటి పుల్లకి దూది చుట్టి గొంతులో ఒకసారి, వెనక ఒకసారి తిప్పుతాం. బాతుకి నొప్పి కూడా ఉండదు."

వెనకనుంచి ఎవరో ముసలాయన అడిగాడు. "ఆనక చంపేస్తారాండీ?"

"ఇప్పుడు మేం వచ్చింది శాంపిల్సుకేనండీ," అంది మెర్సీ నవ్వుతూ.

అబద్ధం కాదు. వచ్చిన చిక్కంతా అదే. అబద్ధమైతే గొంతులో ఎక్కడో అడ్డం పడేది. రోగమని తేలితే కిలోమీటరు మేర ఒక్క రెక్క మిగలకూడదన్న రూలు ఆవిడకి ప్రభువు ప్రార్థనంత కంఠస్థం. అది చెప్తే ఒక్కరూ లేవరని కూడా తెలుసు. అందుకని 'ఇప్పుడు' అన్న మాటని మెత్తగా, ఎవరికీ తగలకుండా అని ఊరుకుంది.

తర్వాత మూడో వరసలో ఒకావిడ మోకాళ్ళ మీద చేతులు ఊని లేచింది. అరవై ఏళ్ళుంటాయి. ఎండకి నల్లబడిన మొహం, నీళ్ళలో నాని పగిలిన మడమలు.

"ఆయ్, నేను పాడుకున్నానండి. నేనిచ్చిందాన్నే నేను పాడుకున్నాను."

చర్చంతా నవ్వు. పాస్టరుగారు కూడా నవ్వారు. "హన్నమ్మగారండీ. ఈ లంకలో ఎక్కువ బాతులు ఆవిడవే. వాటి గుడ్ల మీదే బతుకు."

"నవ్వితే నవ్వండర్రా," అంది హన్నమ్మ. "ఇచ్చేదాకా బానే ఉందండి. పాట మొదలెట్టి 'హన్నమ్మగారి బాతు' అని మైకులో అనేసరికి ప్రాణం ఒప్పలేదు."

ఆవిడ లేచాక మరొకరు లేచారు. ఆ తర్వాత ఇంకొకరు. పద్నాలుగు పేర్లు రాసుకున్నాడు భరద్వాజ్. బయటికొచ్చాక, "మీరు అడిగితే ఎవరైనా చెప్తారండీ," అన్నాడు మెచ్చుకోలుగా. మెర్సీ కారు డిక్కీ తెరిచి సూట్లు తీసింది.

హన్నమ్మ దొడ్డి నీళ్ళ ఒడ్డునే. చుట్టూ పాత చేపల వల కట్టింది. మనిషి గొంతు వినగానే నీళ్ళలో బాతులన్నీ తలలెత్తాయి. "దా... దా... దా..." అంది, అంతే. గుంపు గుంపంతా ఒకదాన్నొకటి తోసుకుంటూ ఒడ్డెక్కింది. అన్నిటికన్నా ముందొచ్చినదాని కాలికి ఎర్ర రిబ్బను ముక్క. క్రిస్మస్‌కి చర్చిలో కట్టిన తోరణం లోది. అది నేరుగా వచ్చి హన్నమ్మ కాలి బొటనవేలి గోరు పొడవడం మొదలెట్టింది.

"ఊరుకోవే, పరువు తియ్యకు," అంది హన్నమ్మ. "దీని అలవాటే అంతండి. తల్లి పొదగలేదు. గుడ్డు తెచ్చి కోడి కింద పెట్టాను. పిల్లయి బయటికొచ్చాక ఆ కోడేమో నీళ్ళలో దిగదు, ఇదేమో ఒడ్డున ఉండదు. నేనే నడుంలోతు నీళ్ళలో నిలబడి ఈత నేర్పాను."

"మంచిదాన్నే దేవుడికిచ్చారన్నమాట."

"కుంటిదాన్నిస్తే ఆయన ఊరుకుంటాడేంటండీ?"

రిబ్బను బాతుని చంకలో పెట్టుకుని ముక్కు తెరిచి పట్టుకుంది ఆవిడే. మెర్సీ పుల్ల తిప్పి, గొట్టంలో ముంచి, కొస విరిచి మూత బిగించింది. నొప్పి లేదన్న మాట నిజమే అయింది. నూట ఇరవై ఆరు బాతులని రాసుకున్నాడు భరద్వాజ్. గొట్టాల్ని ఐసు డబ్బాలో పెట్టి సీలు వేసి అదే రోజు భోపాల్ ల్యాబుకి పంపారు.

బుధవారం మధ్యాహ్నం రిపోర్టు వచ్చింది. రోగమే, బర్డ్ ఫ్లూ.

గురువారం పొద్దున్నే మూడు బళ్ళలో దిగారు. పొక్లెయిను ఊరి చివర గొయ్యి తవ్వుతోంది. సున్నం బస్తాలు దింపారు. ఎవరూ అరవలేదు, ఎవరూ అడ్డం పడుకోలేదు. అలా చేసి ఉంటే బావుండేదనిపించింది మెర్సీకి. గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు, అంతే. సీమోను కూడా వాళ్ళ గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆవిడకి వందనం చెప్పలేదు.

హన్నమ్మ దొడ్డి దగ్గర అప్పటికే ఎదురుచూస్తోంది. "శాంపిలే అన్నారు కదమ్మా," అంది.

కోపంగా అనలేదు. బజారులో మర్చిపోయిన సరుకు గుర్తుచేసినట్టు అంది. మెర్సీ దగ్గర జవాబు ఉంది. రూలు, కిలోమీటరు, ప్రజారోగ్యం, పరిహారం. అదంతా వల్లించింది కూడా. హన్నమ్మ తలూపుతూ వింది.

తెల్ల సూట్లని చూసి బాతులు చెల్లాచెదరయ్యాయి. భరద్వాజ్, ఇంకో నలుగురు వలలు పట్టుకుని నీళ్ళలో దిగారు. అరగంటకి ఎనిమిది దొరికాయి. ఒకదాని రెక్క విరిగింది. అది విరిగిన రెక్కతో నీటి మీద గుండ్రంగా తిరుగుతుంటే హన్నమ్మ ఒడ్డునుంచి కేకేసింది.

"ఆగండి బాబూ! అలా తరిమితే గుండాగి చస్తాయి. మీరు అవతలికి పోండి. నేను పిలుస్తాను."

మెర్సీ వద్దనబోయింది. యజమాని దగ్గరుండకూడదని రూలు. కానీ మధ్యాహ్నంలోపు పద్నాలుగు ఇళ్ళు అవ్వాలి, ఆపైన మిగతా ఊరు. ఊరుకుంది. సిగ్గు లేకపోతే సరి, పని సులువవుతుంది.

"దా... దా... దా..." అంది హన్నమ్మ.

అన్నీ వచ్చాయి. నీళ్ళలోంచి, తూటుకాడ పొదల్లోంచి, గట్టు అవతలనుంచి. ఒకదాని వెనక ఒకటి వల దొడ్లోకి నడిచాయి. చివరిది లోపలికెళ్ళాక హన్నమ్మే తడిక మూసి, తాడు రెండు చుట్లు చుట్టి, ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంది.

బాతు మెడ మెలితిప్పి లాగే పని నేర్చినవాళ్ళు టీములో ముగ్గురున్నారు. వాళ్ళు చేస్తారు, ఒకరు లెక్క చెప్తారు, ఒకరు సంచి పడతారు. లీడరు చూస్తారు. ఇరవై ఏళ్ళలో మెర్సీ ఎన్ని వేల పక్షుల్ని చూసిందో. తను చెయ్యి వెయ్యాల్సిన అవసరం రాలేదు.

"నూట ఇరవై అయిదండీ," అన్నాడు భరద్వాజ్. "ఒకటి తగ్గింది."

మెర్సీ సంచుల దగ్గరికి వెళ్ళి కాళ్ళ కేసి చూసింది. పసుప్పచ్చ కాళ్ళు. ఎర్ర రిబ్బను ఎక్కడా లేదు. వెళ్ళి తలుపు తట్టింది. హన్నమ్మ కళ్ళు పొడిగా ఉన్నాయి.

"ఒకటి తగ్గిందండీ హన్నమ్మగారూ."

"నక్క ఎత్తుకుపోయిందండి. మొన్న."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ గుంపులో అందరికన్నా ముందు పిలుపుకొచ్చే బాతుని, మనిషి కాళ్ళ దగ్గరే తిరిగేదాన్ని, ఏరి మరీ నక్క ఎత్తుకుపోయిందట! ఇంకోరోజైతే మెర్సీ అక్కడే కూర్చుని, మంచి మాటలతో గంటలో నిజం రాబట్టేది. అదే కదా ఆవిడ విద్య. కానీ ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? 'నాతో నిజం చెప్పండి' అనే మాట ఆ గుమ్మంలో నిలబడి ఎలా అంటుంది?

"నక్క అని రాసుకో," అంది భరద్వాజ్‌తో, వెనక్కి తిరిగి చూడకుండా.

తర్వాతి మంగళవారం ముదినేపల్లి దగ్గర పంటకాలవలో గోనెసంచి తేలింది. లోపల తొమ్మిది కోళ్ళు. శుక్రవారానికి రిపోర్టు. అదే రోగం. కాలవ గట్టున ముప్పై ఇళ్ళ పేట ఒకటి ఉంది. టీము ఇల్లిల్లూ తిరిగింది. ఎవరిని అడిగినా, "మాకు కోళ్ళే లేవండి." చెప్తున్న మనిషి కాళ్ళ దగ్గర అరుగు మీద కోడి రెట్ట ఇంకా తడిగానే ఉంది. నత్తలంక సంగతి ఇక్కడిదాకా పాకింది. డాట్రమ్మ పుల్ల తిప్పి పోతానంటుంది, నమ్మితే సున్నం గోతిలోకే, అని.

"ఇక్కడికెలా వచ్చిందంటారు?" అన్నాడు భరద్వాజ్ జీపు దగ్గర చేతుల మీద మందునీళ్ళు పోసుకుంటూ. "కొల్లేటి పక్షులే ఎగురుతూ మోసుకొచ్చాయని రాసేద్దామా?"

రాసెయ్యొచ్చు. గూడబాతుల మీదికి తోసేస్తే సరి, అవి వచ్చి కాదని చెప్పవు.

"నక్క మోసుకొచ్చింది," అంది మెర్సీ.

అతనికి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. "మీకు ఆ రోజే తెలుసా?"

"తెలుసు."

"మరి అడగలేదేంటండీ?"

"ఆవిడ నన్ను నిలదీసి ఉంటే నేనూ నిలదీసేదాన్ని, భరద్వాజ్. ఆవిడ ఒక్కమాట అని ఊరుకుంది. నాకు నోరు రాలేదు." కాలవ గట్టు కేసి చూసింది ఆవిడ. "ఆ పేటలో చంటిపిల్లలున్నారు. చచ్చిన కోళ్ళని సంచిలో పెట్టిన చేతుల్తోనే అన్నాలు కలిపి పెడుతున్నారు. నేను సిగ్గుపడి ఊరుకున్నందుకు."

"హన్నమ్మగారింటికి పోదాం పదండి, ఇప్పుడే."

"ఆవిడింటికి కాదు. ఎక్కడ అన్నానో అక్కడే అనాలి. ఎల్లుండి ఆదివారం. ఈలోగా నువ్వు హెల్త్ వాళ్ళని పిలిచి ఈ పేటలో ప్రతి ఇంట్లో జ్వరాలు చూపించు. కోళ్ళ సంగతి అడగొద్దు, జ్వరం సంగతే అడగమను."

ఆ ఆదివారం మెర్సీ చాప మీద కూర్చోలేదు. ఎవరూ జరిగి చోటివ్వలేదు కూడా. తలుపు పక్కనే నిలబడింది. సత్యవేదంగారు మైకు ఇస్తూ ఈసారి 'మన అమ్మాయి' అనలేదు.

"పోయినసారి మీకు సగమే చెప్పాను," అంది మెర్సీ. మైకు గుర్రుమంటే కాస్త దూరం పెట్టింది. "చంపుతారా అని ఒక పెద్దాయన అడిగారు. ఇప్పుడు శాంపిల్సే అన్నాను. రోగం తేలితే చంపుతామని నాకు అప్పుడే తెలుసు. చెప్తే మీరు పేర్లు చెప్పరని దాచాను. మీరు నిజం చెప్పారు. నేను చెప్పలేదు."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ, అనుకుంది.

"ఈ లంక నుంచి ఒక బాతు బయటికి వెళ్ళింది. అది వెళ్ళిన చోట కోళ్ళు చచ్చిపోయాయి. ఏ ఇల్లో చెప్తే ఆ బాతునీ, ఆ ఇంట్లో ఉన్నవాటినీ, ఆ చుట్టుపక్కల వాటినీ అన్నిటినీ చంపుతాం. ఈసారి అంతా ముందే చెప్తున్నాను. చెప్పకపోతే మనుషులకి రావచ్చు. చిన్నపిల్లలకి ముందొస్తుంది. ఇంతకన్నా నా దగ్గర మంచి మాట ఏదీ లేదు."

ఒకరిద్దరు మగవాళ్ళు లేచి బయటికి వెళ్ళిపోయారు. మెర్సీ మైకు పాస్టరుగారికి ఇచ్చేసింది. ఎవరూ లేవరని గట్టిగా అనిపించింది. లేవకపోతే తప్పు వాళ్ళది కాదు.

మూడో వరసలో మోకాళ్ళ మీద చేతులు పడ్డాయి.

"నక్క కాదండి," అంది హన్నమ్మ. "మా అమ్మాయి రమ్య ఇంట్లో పెట్టాను. ముదినేపల్లి కాలవ గట్టున. మీ రిపోర్టు వచ్చిందని పాస్టరుగారు చెప్పిన సాయంత్రమే బుట్టలో పెట్టుకుని ఆటోలో తీసుకుపోయాను." కొంగు సర్దుకుంది. "అన్నీ పోతాయని తెలుసండి. అది ఒక్కటి దేవుడిది కదా, ఆయన చూసుకుంటాడులే అనుకున్నాను. ఆ పేటలో చంటిదుంది. నా మనవరాలే."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

రమ్య ఇంటి ముందు బళ్ళు ఆగేసరికి ఎండ నడినెత్తిన ఉంది. చంటిపిల్ల ఆమె చంకలో ఉంది. ముందు బండి దిగిన తల్లిని చూసింది, వెనకే దిగిన తెల్ల సూట్లని చూసింది.

"నువ్వే తీసుకొచ్చావా అమ్మా వీళ్ళని?"

"నేనే తెచ్చానే. అదీ నేనే తెచ్చాను, వీళ్ళనీ నేనే తెచ్చాను."

రమ్య ఏడుస్తూ అరుగు మీద కూర్చుంది. హెల్త్ నర్సు పిల్ల చంకలో థర్మామీటరు పెట్టి తీసి చూసి, ఇంకోసారి పెట్టి చూసింది. "జ్వరం లేదండీ. మందు ఇస్తున్నాను, పది రోజులు రోజూ వచ్చి చూస్తాం," అంది.

పెరట్లో కోళ్ళ గూడు ఖాళీ. కాలవలో దిగే రేవు దగ్గర రమ్య బాతులు ఇరవై దాకా ఉన్నాయి. హన్నమ్మకి కూడా సూటు తొడిగారు. కాళ్ళకి మటుకు టీము బూట్లు పెద్దవై, వేసుకోనంది. నర్సు గొడవపడితే పాలిథిన్ సంచులు చుట్టుకుంది. రేవు మెట్టు మీద కూర్చుంది.

"దా... దా... దా..."

బాతులు కదల్లేదు. ఈ గొంతు వాటికి కొత్త. తెల్లగా ఉన్న మనుషుల్ని చూసి అవతలి గట్టు కేసి ఒక గుంపుగా జరిగాయి.

"దా... దా..." గొంతు వణికింది హన్నమ్మకి. తల్లి గొంతు తెలుసు కనక అరుగు మీద రమ్య మొహం కప్పుకుంది.

గుంపులోంచి ఒకటి విడిపడింది. తక్కినవాటి మధ్యనుంచి తోసుకుంటూ, ఈదుకుంటూ, మెట్టెక్కి, రెక్కలు దులుపుకుంది. కాలికి తడిసిన ఎర్ర రిబ్బను. సూటులో ఉన్న మనిషిని ఏం పోల్చుకుందో, తిన్నగా వచ్చి పాలిథిన్ సంచి మీంచే బొటనవేలు పొడిచింది.

హన్నమ్మ దాన్ని రెండు చేతుల్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. మెడ మీద ఒకసారి నిమిరింది. టీము మనిషి సంచి పట్టుకుని ముందుకొస్తే తల అడ్డంగా ఊపి, మెర్సీ కేసి చాపింది.

"దేవుడికని ఇచ్చి మళ్ళీ తెచ్చుకున్నానమ్మా. ఆయన దగ్గరే ఉంచేయాల్సింది. మీరే తీసుకోండి. వాళ్ళ చేతికివ్వకండి."

ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని. ఎలా చెయ్యాలో కుర్రాళ్ళకి నేర్పింది తనే. ఎడం చేత్తో కాళ్ళు, కుడి చేత్తో తల వెనక. మెర్సీ బాతుని తీసుకుంది. అది పెనుగులాడలేదు.

"మీరు తల తిప్పుకోండమ్మా," అంది.

"తిప్పుకోనండి," అంది హన్నమ్మ. "మీరూ తిప్పుకోకండి."

రెండు తొడుగుల మీంచి కూడా బాతు ఒంటి వెచ్చదనం తెలుస్తోంది. మెర్సీ తల తిప్పుకోలేదు.